మీటరు వెనక్కి తిప్పారేమో! అరుగుదల, స్కానర్, సర్వీసు రికార్డు: ఏది మేలు?

అమ్మకానికి వచ్చిన ఏడేళ్ల కారు, మీటరు మీద 38,000 కిలోమీటర్లు. నిజంగానే తక్కువ తిరిగిన బండి కావచ్చు. కానీ డిజిటల్ మీటర్లలో ఆ అంకె ఒక మెమరీ చిప్‌లో ఉంటుంది. తగిన పరికరం చేతిలో ఉంటే దాన్ని మార్చడం పెద్ద పని కాదు. పాత చక్రాల మీటర్లలో తిప్పినవాడి చేయి సరిగ్గా కుదరకపోతే అంకెలు వంకరగా నిలబడి పట్టిచ్చేవి. తెర మీద ఆ జాడ దొరకదు. కాబట్టి సాక్ష్యం మరోచోట వెతకాలి.

చాలామంది మొదట నమ్మేది అరుగుదలను. పెడళ్ల రబ్బరు మీది గీతలు చెరిగిపోయాయా, స్టీరింగు తోలు నునుపు తేలి మెరుస్తోందా, డ్రైవరు సీటుకు తలుపు వైపు ఉన్న అంచు నలిగిందా అని చూస్తారు. ఎక్కి దిగిన ప్రతిసారీ ఒరుసుకునేది ఆ అంచే. సీటు బెల్టును చివరిదాకా లాగితే నూలు లేచిందో లేదో తెలుస్తుంది. నాకైతే అరిగిన రబ్బరు కన్నా కొత్త రబ్బరే ఎక్కువ అనుమానం కలిగిస్తుంది. 38,000 మాత్రమే తిరిగిన కారుకు పెడల్ రబ్బర్లు మార్చవలసిన అవసరం ఏమొచ్చింది? టైరు పక్కన తయారీ సంకేతంలోని చివరి నాలుగు అంకెలు కూడా చూడాలి. 2319 అంటే 2019లో 23వ వారం. అయితే టైర్లు కారు కన్నా కొత్తవైనంత మాత్రాన మోసం అనలేం, రబ్బరు వయసు వల్ల కూడా పాడవుతుంది. అసలు చిక్కేమిటంటే, అరుగుదల భారీ మోసాన్నే పట్టిస్తుంది. 90,000ను 60,000 చేస్తే ఏ పెడలూ చెప్పలేదు.

కారులోని కంప్యూటర్లకు తగిలించి వాటి సమాచారం చదివే స్కానర్ ఇంకాస్త లోతుకు వెళుతుంది. చాలా మోడళ్లలో తిరిగిన దూరం మీటరులోనే కాక ఇంజిన్, బ్రేకులు, గేర్లను నడిపే కంప్యూటర్లలోనూ నమోదవుతుంది. బద్ధకస్తుడు మీటరును మాత్రమే మార్చి వదిలేస్తాడు. ఆ లోపలి లెక్కలు చదవాలంటే సాధారణంగా ఆ కంపెనీ కార్లకు పనికొచ్చే మంచి స్కానరే కావాలి. చౌక స్కానర్‌తోనూ ఒక ఉపయోగం ఉంది. లోపం వచ్చినప్పుడు కారు కంప్యూటర్ నమోదు చేసే కోడ్‌లను చెరిపినప్పటి నుంచి ఎంత దూరం నడిచిందో చాలా కార్లలో అది చూపిస్తుంది. ఆ దూరం మీటరు రీడింగును మించితే ఇక వేరే రుజువు అక్కర్లేదు. తక్కువ ఉంటే మాత్రం ఏమీ తేలినట్టు కాదు, కోడ్‌లు చెరిపితే ఆ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. కొన్ని కార్లు ఇంజిన్ నడిచిన గంటలు కూడా దాచుకుంటాయి. 38,000 కిలోమీటర్లకు 3,800 గంటలు ఉంటే సగటు వేగం గంటకు 10 కిలోమీటర్లు! ఎంత రద్దీలో నడిపినా ఏడేళ్ల సగటు అంత తక్కువ ఉండడం అరుదు. కానీ పని తెలిసినవాడు లోపలి లెక్కలన్నీ సరిచేయగలడు. దూరం నమోదు కాకుండా ముందే అడ్డుకునే పరికరాలూ ఉన్నాయి. వాటిని బిగిస్తే చెరపడానికి అసలు లెక్కే ఉండదు.

అందుకే నా ఓటు సర్వీసు రికార్డుకు. అమ్మేవారి చేతిలోని పుస్తకానికి కాదు సుమా! ఏళ్ల తరబడి వేసిన నమోదులన్నీ ఒకే సిరా, ఒకే చేతిరాతలో ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి. ఛాసిస్ నంబరు తీసుకుని, యజమానిని వెంటబెట్టుకుని, సర్వీసు చేసిన చోటే అడగండి. 2021లో 61,400 ఉన్న రీడింగు 2023లో 44,200కు దిగితే వాదనకే చోటు లేదు. రీడింగు దిగకపోయినా, ఏటా 15,000 నడిచిన కారు ఒక్కసారిగా 3,000కు తగ్గితే కారణం అడగాలి. దూరాన్ని అడ్డుకునే పరికరం జాడ బయటపడేది ఇక్కడే. వారంటీ అయ్యాక చాలామంది బయటి మెకానిక్‌కు మారతారు కనుక రికార్డు మధ్యలో తెగిపోవచ్చు. స్కానర్‌కు, అరుగుదలకు పని పడేది ఆ ఖాళీలోనే. బానెట్ కింద టైమింగ్ బెల్టు మార్చినప్పుడు అంటించిన చీటీ ఉందేమో చూడండి. దాని మీద కిలోమీటర్లు రాసే అలవాటుంది, మీటరు తిప్పినవారికి అది గుర్తుండదు.

రికార్డు అసలే లేకపోతే మీటరులో అంకె లేదనుకుని, బండి స్థితిని బట్టే ధర కట్టాలి. ఏ రికార్డూ లేని 45,000 కారు, మొదటి నుంచీ బిల్లులున్న 1,10,000 కారు పక్కపక్కన ఉంటే నేను రెండోదే తీసుకుంటాను. దానికి ఏ భాగాలు మార్చారో, ఇక ఏవి మార్చాలో ముందే తెలుస్తుంది.