క్యాంపస్ ఉద్యోగమా, గేటా?

కాలేజీకే వచ్చే కంపెనీల్లో ఉద్యోగం పట్టుకోవాలా, ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్షకు సిద్ధం కావాలా? బీటెక్ మొదటి ఏడాదిలోనే ఇంట్లో మాట్లాడుకోవాల్సిన సంగతి ఇది. మూడో ఏడాదికి వాయిదా వేస్తే రెంటికీ సమయం చాలదు.

ఖర్చు
క్యాంపస్: ఓ లాప్‌టాప్, రోజూ గంట కోడింగ్.
గేట్: పాత ప్రశ్నపత్రాలు, ఎన్‌పీటెల్ (ఐఐటీల ఆన్‌లైన్ వేదిక) పాఠాలు ఉచితమే. బరువంతా కోచింగ్, హాస్టల్ ఫీజులదే.

శ్రమ
క్యాంపస్: ఆప్టిట్యూడ్, కోడింగ్, ఇంగ్లిష్‌లో తడబడకుండా మాట్లాడటం.
గేట్: 3 గంటల్లో 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 15 మార్కులు జనరల్ ఆప్టిట్యూడ్‌వే. బహుళైచ్ఛిక ప్రశ్నలో తప్పు జవాబుకి మార్కులో మూడో వంతు పోతుంది, రెండు మార్కుల ప్రశ్నైతే రెండింతలు. అంకె టైపు చేసే ప్రశ్నలకు ఆ కోత లేదు, వాటిని వదిలిపెట్టకండి.

రిస్క్
క్యాంపస్: చాలా కంపెనీలు 60 శాతం మార్కులు, బ్యాక్‌లాగ్ (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టు) లేకపోవడం అడుగుతాయి. మొదటి సెమిస్టర్‌లో గణితం తప్పితే దెబ్బ అక్కడే మొదలవుతుంది. ఆఫర్ లెటర్ వచ్చినా చేరే తేదీ నెలల తరబడి జరగొచ్చు. ఇన్నాళ్లు పనిచేస్తానని రాసిచ్చే బాండ్ ఉంటే సంతకానికి ముందే అమ్మానాన్నలూ చదవాలి.
గేట్: ర్యాంకు రాకపోతే ఏడాది పోయినట్టే. వస్తే స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది. మూడో ఏడాది విద్యార్థులూ రాయొచ్చు కాబట్టి అప్పుడే ఓసారి రాసి చూడటం మంచిది.

ఇంటికి వెంటనే జీతం కావాలంటే, విద్యారుణం కిస్తీలు దగ్గరపడితే క్యాంపస్సే. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ చదువుతూ సొంత బ్రాంచిలోనే ఉండాలనుకుంటే గేట్: ఐఐటీల్లో ఎంటెక్‌తో పాటు ప్రభుత్వరంగ సంస్థల్లోకీ దారి ఉంది. కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ) వాళ్లు ముందు ఉద్యోగంలో చేరి, తర్వాత గేట్ రాసినా నష్టం లేదు.