వన్స్‌మోర్ అనని ఊళ్లో మూడు సంగీత నాటకాలు

తెనాలిలో రాయబారం సీను వింటూ పెరిగినవాళ్లకు పాట పూర్తయ్యాక ప్రేక్షకుడు ఏం చేయాలో ఒకరు నేర్పనక్కరలేదు. కృష్ణ పాత్రధారి పద్యం చివర రాగాన్ని సాగదీసి సాగదీసి షడ్జమం మీద నిలిపిన క్షణంలో మా నాన్నగారు కుర్చీలోంచి సగం లేచి "వన్స్‌మోర్" అని కేక వేసేవారు; ఆయన వెనకాలే పందిరంతా కేక వేసేది; నటుడు హార్మోనియం వైపు ఒకసారి చూసి, కిరీటం సర్దుకొని, అదే పద్యాన్ని మొదటినుంచి ఎత్తుకొనేవాడు. ఆ అలవాటులో పెరిగిన అక్కచెల్లెళ్లం ఇద్దరం గత సెప్టెంబరులో నాలుగు రోజులు లండన్‌లో బస చేసి మూడు సంగీత నాటకాలు చూశాము. రెడింగ్‌లో ఉంటున్న మా చెల్లెలు రైలెక్కకముందే "అక్కా, అక్కడ పాట మధ్యలో ఆహా అని కూడా అనకూడదు, గుర్తుపెట్టుకో" అని హెచ్చరించింది.

యూస్టన్ స్టేషన్ దగ్గర ఒక చిన్న హోటల్లో గది తీసుకున్నాము. గది శుభ్రంగానే ఉంది కానీ, ఒక పెట్టె తెరవాలంటే రెండోదాన్ని మంచం మీదికి ఎక్కించవలసిందే. గోడ ఎంత పలుచన అంటే, పక్క గదిలో ఆయన తుమ్మితే మా చెల్లెలు అలవాటుగా "చిరంజీవ" అనేసింది. అయినా ఈ చోటు ఎంచుకోవడంలో పొరపాటు లేదు. భూగర్భ రైలు నార్తర్న్ లైన్‌లో నాలుగో స్టేషన్ లెస్టర్ స్క్వేర్, అక్కడ దిగితే చాలా నాటకశాలలకు నడిచే వెళ్లవచ్చు. అయితే బ్యాంక్ అనే స్టేషన్ మీదుగా పోయే బండి కాకుండా చేరింగ్ క్రాస్ మీదుగా పోయే బండినే చూసి ఎక్కాలి. స్టేషన్ పక్కనే ఉన్న డ్రమండ్ వీధిలో మన దేశపు భోజనం దొరుకుతుంది కనుక శాకాహారులమైన మాకు తిండికి వెతుకులాట లేకపోయింది.

మొదటి సాయంత్రం షాఫ్ట్స్‌బరీ అవెన్యూలోని సోండైమ్ థియేటర్‌లో 'లే మిజరాబ్ల్' చూశాము. వనారస గోవిందరావుగారి బృందం కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధ ఆడి సురభి నాటకాలకు నాంది పలికిన సంవత్సరం 1885 అయితే, ఈ నాటకం లండన్‌లో మొదలైనది సరిగ్గా నూరేళ్ల తరువాత, 1985 అక్టోబరులో. రెండు నెలల ముందే తీసుకున్న పై అంతస్తు మొదటి వరుస టికెట్లు మావి. ఖరీదు తక్కువని తీసుకున్నాము గానీ, వేదిక నేల మీద జనం గుంపులు గుంపులుగా కదలడం అంత ఎత్తునుంచి చూడటమే మేలని తరువాత అర్థమైంది. విశ్రాంతి వేళ మా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ ఈ నాటకం చూడటం తనకు పదకొండోసారి అని చెప్పి, పాత ప్రదర్శనలో గుండ్రంగా తిరిగే వేదిక ఉండేదని, 2019లో దాన్ని తీసేసి వెనక తెర మీద బొమ్మలు పడే కొత్త రూపం తెచ్చారని, ఆ తిరిగే వేదికతోపాటు నాటకం ఊపిరి కూడా పోయిందని ఎంతో బాధపడింది. పాతది చూడని నేను ఆవిడతో వాదించలేదు. సురభి నాటకంలో మాయలు తగ్గిస్తే మా నాన్నగారు కూడా ఇలాగే మాట్లాడేవారు.

రెండో అంకంలో కథానాయకుడు జాన్ వాల్‌జాన్ దేవుణ్ణి వేడుకొనే పాట వస్తుంది. అది నెమ్మదిగా మొదలై, చివర గొంతు పలచబడి పలచబడి దారంలా మిగిలి తెగిపోతుంది. వెయ్యిమంది ఉన్న ఆ హాల్లో ఒక్క దగ్గు వినిపించలేదు. స్వరం ఆగిన తరువాత కూడా ఒక్క క్షణం అలాగే గడిచి, అప్పుడు చప్పట్లు విరుచుకుపడ్డాయి. నా నాలుక చివరిదాకా వచ్చిన వన్స్‌మోర్‌ను మింగేశాను. మింగుతూనే ఆలోచించాను: ఇక్కడ మళ్లీ పాడటం ఎందుకు కుదరదు? మన పద్యనాటకంలో కథ అందరికీ తెలిసినదే కనుక పద్యం దగ్గర కథ ఆగి నిలబడుతుంది, ఎన్నిసార్లు పాడినా కురుక్షేత్రం ఎక్కడికీ పోదు, హార్మోనియం గాయకుడి వెంట నడుస్తుంది. ఇక్కడ మాట దాదాపుగా లేదు, మొదటినుంచి చివరిదాకా అంతా పాటే. ఒక పాట చివరి స్వరంలోంచి తరువాతి రంగం సంగీతం పుట్టుకొస్తుంది, దీపాలూ తెరలూ వాద్యబృందం లెక్కతో కదులుతాయి. కనుక ఇక్కడి నిశ్శబ్దం ఇంగ్లీషువాళ్ల మర్యాద మాత్రమే కాదు, నాటకం కట్టిన తీరే అది. వన్స్‌మోర్ అన్న మన జనానికి క్రమశిక్షణ లేదనే మాట నేను ఇకమీదట ఒప్పుకోను. వాళ్లూ రాగం ముగిసేదాకా కిమ్మనకుండా విన్నవాళ్లే.

జనమంతా కలిసి పాడే విప్లవగీతం దగ్గర మాత్రం వెనక వరుసలో ఇద్దరు గొంతు కలిపారు. పెద్దావిడ వెనక్కి తిరిగి ఒక చూపు చూసింది, అంతే, పాట ఆగిపోయింది. ఈ విషయంలో అక్కడి నాటకాభిమానుల మధ్య పెద్ద తగవే ఉంది. 2023 ఏప్రిల్‌లో మాంచెస్టర్‌లో 'ది బాడీగార్డ్' అనే సంగీత నాటకం ఆడుతుండగా కొందరు ప్రేక్షకులు వద్దన్నా పాడుతూ ఉండటంతో ప్రదర్శన నిలిపివేసి పోలీసులను పిలవవలసి వచ్చింది. టికెట్టు కొన్నాం కనుక ఆనందించే హక్కు మాది అనేవాళ్లు ఒక పక్క, మేము డబ్బిచ్చింది వేదిక మీది గొంతు వినడానికి, పక్క కుర్చీ గొంతు వినడానికి కాదనేవాళ్లు ఇంకో పక్క. నేను రెండో పక్షమే. చివర లేచి నిలబడి చప్పట్లు కొట్టడం గురించి కూడా పెద్దావిడకు గట్టి అభిప్రాయం ఉంది: ఒకప్పుడు అపూర్వమైన రోజున మాత్రమే లేచేవారట, ఇప్పుడు రోజూ లేస్తున్నారట. ఆ రాత్రి ఆవిడ కూర్చునే చప్పట్లు కొట్టింది. వన్స్‌మోర్ బాకీ ఉన్న నేను లేచాను.

మరునాడు ఉదయం లెస్టర్ స్క్వేర్‌లోని టీకేటీఎస్ కౌంటర్‌లో అదేరోజు టికెట్లు తగ్గింపు ధరకు తీసుకొని, హేమార్కెట్‌లోని హిజ్ మెజెస్టీస్ థియేటర్‌లో 'ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా' చూశాము. 1986 నుంచి అదే హాల్లో ఆడుతున్న నాటకం ఇది. రాణి పోయి రాజు వచ్చాక 2023లో 'హర్ మెజెస్టీస్' అన్న హాలు పేరు 'హిజ్ మెజెస్టీస్'గా మారింది గానీ నాటకం మారలేదు. అయితే కోవిడ్ వల్ల మూసి 2021లో మళ్లీ తెరిచినప్పుడు 27 మంది ఉన్న వాద్యబృందాన్ని 14కు తగ్గించారని అభిమానులు నేటికీ కోపంగా ఉన్నారు. ఆ లోటు నా చెవికి అందలేదని ఒప్పుకుంటున్నాను. తల మీదినుంచి షాండిలియర్, అంటే వేలాడే పెద్ద దీపాల గుత్తి, వేదిక వైపు దూసుకుపోయినప్పుడు మా చెల్లెలు "అమ్మో" అని గట్టిగానే అరిచింది, ఎవరూ తిరిగి చూడలేదు. అక్కడ అరవడానికి అనుమతి ఉందన్నమాట. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరిపోతుంటే నోరు తెరిచిన పిల్లల్లాగే కూర్చున్నాము.

మూడో నాటకం పేరు, హాలు పేరు చెప్పను. ఫోన్ యాప్‌లో చవకగా వస్తున్నాయని తీసుకున్న సీట్ల ముందు ఇనుప స్తంభం ఉందన్న సంగతి కూర్చున్నాకే తెలిసింది. నాయిక ఎడమకు వచ్చినప్పుడు నేను కుడికి, కుడికి వెళ్లినప్పుడు ఎడమకు వంగుతూ రెండున్నర గంటలు గడిపాను. నా వెనక ఒకాయన కరకరలాడే చిప్స్ పొట్లాన్ని చప్పుడు కాకూడదనే సదుద్దేశంతో నెమ్మదిగా తెరిచాడు, అందువల్ల ఆ చప్పుడు పాట పొడవునా సాగింది. ముందు వరుసలో ఒకమ్మాయి ఫోన్ వెలిగించగానే సిబ్బందిలో ఒకాయన వచ్చి, వంగి, చెవిలో ఒక్క మాట చెప్పి వెళ్లాడు. మన సభల్లో వేదిక మీదినుంచి మైకులో తిట్టడం కన్నా ఇది చాలా నయం. ఆలస్యంగా వచ్చినవాళ్లను పాట పూర్తయ్యేదాకా తలుపు దగ్గరే నిలబెట్టడం కూడా నాకు నచ్చింది.

నచ్చనివీ ఉన్నాయి. ప్రోగ్రామ్ పుస్తకం కొనుక్కోవాలి. పాత హాళ్లలో మోకాళ్లు ముందు కుర్చీకి తగులుతాయి. ఇరవై నిమిషాల విశ్రాంతిలో ఆడవాళ్ల వరుస మెట్ల దాకా ఉంటుంది, అందులో నిలబడితే మూత కింద చిన్న చెంచా పెట్టి అమ్మే ఐస్‌క్రీమ్ కప్పు తినే వ్యవధి ఉండదు.

షో వదిలేసరికి రాత్రి పది దాటుతుంది, ఆ వేళకు భోజనం వెతుక్కోవడం కష్టం. చివరి రాత్రి మా చెల్లెలు ఇంటినుంచి తెచ్చిన పులిహోర డబ్బా మంచం మీద తెరిచి, తింటూ తింటూ మొదటి రోజు విన్న ఆ ప్రార్థన పాటను తనకు వచ్చినంతవరకు కూనిరాగం తీసింది. చివర గొంతు బాగానే నిలిచింది. నేను వన్స్‌మోర్ అన్నాను. పక్క గది ఆయన గోడ మీద రెండుసార్లు తట్టాడు.