ఒక కాలితో ఎయిర్ బైక్: ఎనిమిది నెలలు వాడినాక రాస్తున్న రివ్యూ

మాది కర్నూలు. నాకు ఎడమ కాలు పోలియో, రెండేళ్లప్పుడు వచ్చింది, క్యాలిపర్ (కాలికి ఊతంగా కట్టే పట్టీ) వేసుకునే నడుస్తా. పదకొండేళ్ల నుంచి బెంచ్ ప్రెస్ (బెంచీ మీద పడుకుని బార్‌ను పైకి తోసేది) కొడుతున్నా, బాడీవెయిట్ 78, బెంచ్ 135 కిలోలు. బలానికి లోటు లేదు గానీ మా చెల్లెలి వాళ్లింటికి మూడో ఫ్లోర్ ఎక్కితే ఐదు నిమిషాలు నోట మాట రాదు. పారా పవర్‌లిఫ్టింగ్‌లో, అంటే వికలాంగుల బరువులెత్తే పోటీల్లో, ఉండేదే బెంచ్ ఒక్కటి, అందుకే మాలాంటోళ్లంతా చెస్ట్, ట్రైసెప్స్ మీదే పడి చేస్తాం, గుండె సంగతి ఎవరూ పట్టించుకోరు. పోయినేడు బీపీ 150/96 వచ్చింది, డాక్టర్ గారు మందు రాసి కార్డియో, అంటే గుండెకు పని చెప్పే వ్యాయామం, కూడా చెయ్ అన్నాడు.

చెయ్యమంటే ఎట్ల చేసేది? ట్రెడ్‌మిల్, స్కిప్పింగ్, బర్పీస్ మనకు కుదరవు. రోయింగ్ మెషిన్ చూసినా, అది సగానికి పైగా రెండు కాళ్లతో తోసే పని. బెంచీ మీద కూర్చుని బ్యాటిల్ రోప్ (రెండు చేతులతో ఊపే లావు తాడు) మూడు వారాలు కొట్టినా, ఊపిరి ఆడక ముందే ముంజేతులు పోతాండె, మరుసటి రోజు బార్ పట్టుకుంటే గ్రిప్ ఉండదు. మా ఊర్లో జిమ్‌లు చానా వరకు మేడ మీదే, లిఫ్ట్ ఉండదు. అందుకే ఇంట్లోకే ఎయిర్ బైక్ కొనుక్కున్నా, అంటే పెడల్స్‌తో పాటు చేతులతో తోసి లాగే హ్యాండిల్స్ కూడా ఉండే ఎక్సర్‌సైజ్ సైకిల్.

కొనే ముందు ఒకటి చూసుకోండి. ఆన్‌లైన్లో ఎయిర్ బైక్ అని పది పన్నెండు వేలకు అమ్మేవాటిలో చానా వాటికి టెన్షన్ నాబ్ ఉంటుంది, అంటే చక్రానికి ఒక ప్యాడ్ ఒరుసుకుని బరువు వస్తుంది, గాలితో కాదు. ముందు నేను అదే తెప్పించినా, గట్టిగా లాగితే ఫ్రేమ్ మొత్తం ఊగింది, రెండో రోజే వాపస్ పంపినా. నిజమైన దానికి ముందర పెద్ద ఫ్యాన్ ఉంటుంది, నాబ్ ఉండదు, నువ్వు ఎంత గట్టిగా తొక్కితే అది అంత గట్టిగా ఎదురు తిరుగుతుంది. స్పీడ్ డబుల్ చేయాలంటే పవర్ ఎనిమిది రెట్లు పెట్టాలి, గాలి లెక్క అట్లుంటుంది. నాలాంటోడికి ఇదే కావాల్సింది, ఎందుకంటే మధ్యలో బటన్లు నొక్కే పని లేదు, చెయ్యి తియ్యక్కర్లేదు, ఓపిక అయిపోతే మెల్లగా తిప్పితే చాలు అదే తేలికైపోతుంది. కరెంటు కూడా అక్కర్లేదు, మీటర్ బ్యాటరీలతో నడుస్తుంది, ఎండాకాలం కోతలప్పుడు ఇది పెద్ద మేలు.

సెకండ్ హ్యాండ్‌లో 34 వేలకు తీసుకున్నా. ట్రాన్స్‌పోర్ట్ లారీలో వచ్చింది, మీటర్ పగిలి వచ్చింది, అమ్మినాయన నాలుగు వారాలు ఫోన్లు చేయించుకుని అప్పుడు కొత్తది పంపినాడు. ఆ నాలుగు వారాలు ఫోన్లో టైమర్ పెట్టుకుని చేసినా.

ఇంగ అసలు సంగతి, కాలు. ఈ బైకులకు ఫ్యాన్ పక్కన కాళ్లు పెట్టుకునే పెగ్‌లు ఉంటాయి, చేతులతో మాత్రమే కొట్టాలంటే పాదాలు వాటి మీద పెడతారు. నా ఎడమ కాలు పెగ్ మీద పెట్టి వెల్క్రో పట్టీతో కట్టేస్తా, కుడి కాలు, రెండు చేతులు పని చేస్తాయి. మొదట్లో ఖాళీగా తిరిగే ఎడమ పెడల్ వచ్చి పిక్కకు తగులుతాండె. సైకిల్ షాపాయనను ఇంటికి పిలిస్తే రెండు నిమిషాల్లో విప్పేసినాడు, ఎడమ పెడల్‌కు మర ఉల్టా ఉంటుంది, మామూలుగా తిప్పితే ఇంకా బిగుస్తుంది, తెలీక నేను అంతకుముందు గంట సేపు దాంతో కుస్తీ పట్టినా. కుడి పెడల్‌కు పాదాన్ని పట్టుకునే స్ట్రాప్ వేయించుకున్నా, ఒక్క కాలితో తొక్కేటప్పుడు పెడల్ కింది నుంచి పైకి వచ్చే చోట బలం ఉండదు, అక్కడ చేతులతో లాగి దాటించాలి. ఈ లయ పట్టుబడడానికి నాకు రెండు వారాలు పట్టింది.

ఎడమ కాలిని కూడా కొంచెం వాడొచ్చు కదా అని నాకూ అనిపించింది. ఫిజియో మేడం వద్దనింది. పోలియో వచ్చిన కండరంలో చచ్చిపోయిన నరాల పని కూడా మిగిలిన నరాలే మోస్తుంటాయి, వాటిని అలిసిపోయేదాకా తోమితే ఉన్న బలం కూడా తగ్గే ప్రమాదం ఉంది అని బొమ్మ గీసి చెప్పింది. ఇంటర్వెల్ (కాసేపు గట్టిగా, కాసేపు తేలిగ్గా మార్చి మార్చి చేసేది) అంటేనే అలిసిపోయేదాకా చేసేది, కాబట్టి ఆ కాలికి ఇందులో చోటు లేదు. పోలియో ఉన్నోళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ముందు ఫిజియోకు చూపించుకోండి అన్నా, దయచేసి.

ఇంటర్వెల్స్ సంగతికి వస్తే, నేను మొదట చేసిన తప్పు టబాటా. 20 సెకన్లు కొట్టు, 10 సెకన్లు ఆగు, ఎనిమిది సార్లు, నాలుగు నిమిషాల్లో అయిపోతుంది అని ప్రతి యాప్‌లోనూ ఉంటుంది. కానీ దీనికి పేరు తెచ్చిన 1996 నాటి జపాన్ స్టడీలో చేసినోళ్లు బాగా ట్రైనింగ్ ఉన్న కుర్రోళ్లు, సైకిల్ మీద, రెండు కాళ్లతో. చేతులతో చేసేటప్పుడు కండరం చిన్నది, గుండె దాకా పని వెళ్లేలోపే భుజాలు మండిపోతాయి, నాలుగో రౌండ్‌కే నా చేతులు లేవలే, గుండె మాత్రం 150 దాటలే. అట్ల చేస్తే కార్డియో కాదు, భుజాలు అరగదీసుకోవడమే. నాకు భుజం పోతే బెంచ్ పోతుంది, కర్ర పట్టుకుని నడిచేది కూడా పోతుంది.

ఇప్పుడు చేసేది ఇది: ఐదు నిమిషాలు మెల్లగా, తర్వాత 15 సెకన్లు గట్టిగా, 75 సెకన్లు తేలిగ్గా, మొదట ఆరు రౌండ్లు, ఇప్పుడు పది. గట్టి రౌండ్‌లో పని ఎక్కువ భాగం కుడి కాలే చేయాలి, చేతులు తోసేదాని కంటే లాగేదాని మీద ఎక్కువ ధ్యాస పెడతా, ఎందుకంటే బెంచ్‌లో తోసేది ఎట్లాగూ ఉంది, వీపుకు కూడా పని దొరుకుతుంది. వారానికి రెండు సార్లే, అది కూడా మామూలుగా బెంచ్ అయిపోయిన రోజు సాయంత్రం, బెంచ్‌కు ముందు రోజు మాత్రం చెయ్యను. ఇందులో బరువును ఆపుతూ కిందికి దించే పని లేదు కాబట్టి పొద్దున్నే ఒళ్లు నొప్పులు దాదాపు ఉండవు, ఇది లిఫ్టర్లకు చానా పెద్ద విషయం.

ఊపిరి బిగపట్టొద్దు. బెంచ్ అలవాటుతో మనం తెలీకుండానే బిగపడతాం. చేతుల పనిలో అసలే బీపీ ఎక్కువ లేస్తుంది, ఊపిరి కూడా ఆపితే ఇంకా లేస్తుంది. మొదటి నెల నేను రౌండ్ మొత్తం గట్టిగా అంకెలు లెక్కపెట్టినా, అంకె పలుకుతుంటే ఊపిరి ఆపలేం.

గుండె స్పీడ్ విషయంలో 220లోంచి వయసు తీసేసే లెక్క పట్టుకుంటే చేతులతో చేసేటోళ్లు మోసపోతారు, చేతుల పనిలో గరిష్ఠం పది ఇరవై తక్కువే వస్తుంది. నాకు 39, లెక్క ప్రకారం 181, చేతులతో మాత్రమే చేస్తే 158 దాటదు, కాలు కలిస్తే 170 దాకా పోతుంది. హ్యాండిల్ బిగించి పట్టుకుంటాం కాబట్టి చేతి వాచీ తప్పు చూపిస్తుంది, ఛాతీకి కట్టుకునే బెల్ట్ తీసుకోండి.

లోపాలు ఉన్నాయి. సీటు ఇరవై నిమిషాలు దాటితే గుచ్చుకుంటుంది, జెల్ కవర్ వేసినా. చైన్ మోడల్ కాబట్టి మోత ఎక్కువ, పొద్దున ఐదున్నరకు తొక్కితే కింద పోర్షన్ ఆంటీ రెండు సార్లు అడిగింది, రబ్బర్ మ్యాట్ వేసినాక ఊరుకుంది. మీ బడ్జెట్ సరిపోతే బెల్ట్ మోడల్ చూడండి. ఫ్యాన్ గాలి మన మీదకే కొడుతుంది, డిసెంబర్‌లో బాగుంటుంది, మే నెలలో కర్నూల్లో మధ్యాహ్నం తొక్కితే వడగాలి మొహాన కొట్టినట్టే, ఎండాకాలంలో మాత్రం తెల్లారకముందే ముగించేస్తా.

ఐదుకు నాలుగు ఇస్తా. బీపీ ఇప్పుడు మందుతో 128/84, ఎంత మందుదో ఎంత బైకుదో డాక్టర్ గారే తేల్చాలి. బెంచ్ 135 అట్లే ఉంది, తగ్గలే. కొనాలనుకునేటోళ్లు అమ్మేవాళ్లను పెగ్‌ల ఫోటో అడగండి, కొన్ని మోడల్స్‌లో అవి సన్నగా కడ్డీల్లా ఉంటాయి, క్యాలిపర్ బూటు దాని మీద నిలవదు. నా దానికి వెడల్పు నాలుగు వేళ్లు, సరిపోయింది. పోయిన వారం చెల్లెలి ఇంటికి పోయినా, మూడో ఫ్లోర్, తలుపు తీసేసరికి నేనే ముందు పలకరించినా.