కలిసిపోవడమా, కౌన్సిల్‌లో కూర్చోవడమా?

ఒక ఫ్యాక్టరీలో మూడు కార్మిక సంఘాల బలం 40, 30, 25 శాతం అనుకుందాం. చిన్నవి రెండూ ఏం చేయాలి?

విడిగా ఉంటే శ్రమ తక్కువ. పారిశ్రామిక సంబంధాల కోడ్ 2020 ప్రకారం ఎవరికీ 51 శాతం లేనప్పుడు, కనీసం 20 శాతం కార్మికుల మద్దతున్న సంఘాలన్నిటికీ యాజమాన్యంతో బేరమాడే చర్చల కౌన్సిల్‌లో చోటుంటుంది. జెండా మిగులుతుంది. అయితే అక్కడ ప్రతినిధుల్లో మెజారిటీ ఒప్పుకుంటే చాలు, ఒప్పందం కుదిరినట్టే. అందరినీ ఒప్పించక్కర్లేదు, యాజమాన్యానికి ఇంతకంటే ఏం కావాలి!

విలీనమైతే 55 శాతం. యాజమాన్యంతో బేరమాడే ఏకైక సంఘం అదే, 40 శాతం సంఘానికి కుర్చీయే ఉండదు. కానీ దారి కష్టం: రెండు సంఘాల్లోనూ కనీసం సగం మంది ఓటేయాలి, పడిన ఓట్లలో 60 శాతం అనుకూలంగా ఉండాలి. అసలు చిక్కు కలిసిన సంఘానికి అధ్యక్షుడెవరన్న దగ్గరే వస్తుంది. అయినా నా ఓటు విలీనానికే.