వెనక అద్దం ఫిల్మ్, కారు రేడియో: నాలుగేళ్ల వాడకం తరువాత

కారు అద్దాలకు ఎండ ఫిల్మ్ వేయించాక రేడియో సరిగా అందడం లేదని ఎవరైనా చెబితే, పాత రేడియో మీది అభిమానంతో కొత్త వస్తువును తప్పుపడుతున్నారని అనుకునేవాణ్ణి. నా కారుకు 2022 మార్చిలో లోహపు పూత ఉన్న ఫిల్మ్‌ను వెనక అద్దానికీ నాలుగు తలుపుల అద్దాలకూ వేయించాను. 2023 డిసెంబరులో వెనక అద్దం మీది ఫిల్మ్‌ను మాత్రం తీయించి, రెండు నెలలు ఖాళీ అద్దంతో తిరిగి, 2024 ఫిబ్రవరిలో దాని స్థానంలో లోహపు పూత లేని సెరామిక్ ఫిల్మ్ వేయించాను. పక్క అద్దాల మీద పాత లోహపు ఫిల్మే ఇప్పటికీ ఉంది. ఒకే కారు, ఒకే రేడియో, ఒకే దారి, మధ్యలో మారింది ప్రధానంగా వెనక అద్దం మీది ఫిల్మే కాబట్టి, ఈ అనుభవం మరొకరికి పనికొస్తుందన్న ఉద్దేశంతో రాస్తున్నాను.

చేతిలో ఫోను ఉండగా రేడియో కోసం ఇంత ఆరాటమెందుకని మా ఇంట్లోనే అడుగుతారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు సెల్ టవర్లు మూగబోయి, కరెంటు లేక, ఎదుటి వీధిలో ఏం జరుగుతోందో కూడా తెలియని రోజులు గడిపిన వారికి ఆ ప్రశ్న రాదు. అప్పటి నుంచి కారులో రేడియో పనిచేసే స్థితిలో ఉండాలన్నది నాకొక నియమం. పైగా ప్రతి శనివారం అమ్మను చూడటానికి పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట వెళ్లి వస్తాను. ఆ దారి పొడవునా 102 మెగాహెర్ట్జ్ ఎఫ్‌ఎం రెయిన్‌బోనో, మీడియం వేవ్‌లో 927 కిలోహెర్ట్జ్ మీద విశాఖపట్నం ఆకాశవాణినో వింటూ వెళ్లడం ఏళ్ల నాటి అలవాటు. ఏ మలుపు దగ్గర శబ్దం పలచబడుతుందో, ఏ ఊరు దాటాక బుస మొదలవుతుందో ఫిల్మ్ వేయించక ముందే మూడేళ్లుగా చెవికి తెలుసు. ఆ అలవాటే లేకపోతే తరువాత వచ్చిన మార్పును కనిపెట్టగలిగేవాణ్ణి కాను.

ముందుగా కారు యాంటెన్నా ఎక్కడుందో చెప్పాలి, ఎందుకంటే విషయమంతా దాని మీదే నడుస్తుంది. నా కారుకు పైకప్పు మీద కడ్డీ గాని, చేప రెక్కలాంటి బుడిపె గాని లేదు. వెనక అద్దం లోపలి వైపు మంచు, ఆవిరి పోగొట్టడానికి వేసిన సన్నని గోధుమరంగు గీతలు ఉంటాయి కదా, వాటితో పాటు పై భాగంలో మరి రెండు మూడు గీతలు కలిసి రేడియోకు యాంటెన్నాగా పనిచేస్తాయి. వెండి కలిసిన ముద్దను అద్దం మీద అచ్చువేసి కాల్చి ఆ గీతలు తయారుచేస్తారు. అవి పట్టిన బలహీనమైన సంకేతాన్ని పెంచడానికి వెనక స్తంభం ప్లాస్టిక్ తొడుగు వెనక చిన్న యాంప్లిఫయర్ ఉంటుంది. ఫిల్మ్ అంటించేది కూడా అద్దానికి లోపలి వైపే, అంటే సరిగ్గా ఆ గీతల మీదే. అంటించే కుర్రవాడికి ఈ సంగతి చెప్పి, రేడియోకు ఇబ్బంది ఉంటుందా అని ముందే అడిగాను. "ఇప్పుడు రేడియో ఎవరు వింటున్నారు సార్!" అన్నాడు. ఆ సమాధానంతో తృప్తిపడి ఊరుకోవడం నా తప్పు.

ఎండ విషయంలో ఆ ఫిల్మ్‌కు వంక పెట్టలేను. వేసవి మధ్యాహ్నం బీచ్ రోడ్డులో గంటసేపు నిలిపిన కారులోకి ఎక్కితే స్టీరింగ్ మునుపటిలా చేతిని కాల్చడం లేదు, ఏసీ త్వరగా పట్టుకుంటోంది. సముద్రపు ఉప్పు గాలికి అంచులు లేస్తాయని భయపెట్టారు గాని, నాలుగేళ్లలో ఎడమ వెనక తలుపు దగ్గర చిటికెన వేలి గోరంత తప్ప ఎక్కడా లేవలేదు. చట్టం సంగతి కూడా చూసుకునే వేయించాను. మోటారు వాహనాల కేంద్ర నిబంధనల్లో 100వ నిబంధన ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు రావాలంటుంది. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అసలు ఫిల్మ్ అంటించడమే కూడదంది. 2021 ఏప్రిల్ నుంచి అమలైన సవరణను ఆధారం చేసుకుని, ఈ శాతాలకు లోబడిన ఫిల్మ్‌ను అనుమతించవచ్చని 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు తీర్పునిచ్చింది. దారిలో ఆపే అధికారి ఆ తీర్పు చదివి ఉంటారన్న నమ్మకం లేదు కనుక, వెలుతురు శాతం ముద్రించిన కాగితం ఇప్పటికీ డ్యాష్‌బోర్డు అరలో ఉంచుకుంటున్నాను.

వేయించిన మొదటి వారం ఏ తేడా తెలియలేదు. గాజువాక నుంచి ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, మద్దిలపాలెం మీదుగా మధురవాడ దాకా ఎఫ్‌ఎం ఎప్పటిలాగే గలగలమంది. రేడియోకు ఏమీ కాలేదని ఇంట్లో ప్రకటించేశాను కూడా. శనివారం ఊరి దారి పట్టాక అసలు సంగతి బయటపడింది. అంతకుముందు శృంగవరపుకోట దాటి బొడ్డవర వైపు తిరిగాక గాని మొదలుకాని బుస, ఆ రోజు కొత్తవలస దగ్గరే మొదలైంది. దానికి ముందు మరొక చిన్న మార్పు వచ్చింది, అప్పట్లో దాని అర్థం తెలియలేదు. పెందుర్తి దాటగానే పాటలోని వయొలిన్లు కుడి ఎడమలకు విడిగా కాక, అన్నీ ఒకే చోటు నుంచి వస్తున్నట్టు వినిపించాయి. సంకేతం తగ్గుతున్నప్పుడు బుసను కప్పిపుచ్చడానికి కారు రేడియో తనంత తానే స్టీరియోను మోనోగా మార్చేస్తుంది. శబ్దం చెడకముందే వచ్చే తొలి సూచన అదే. మీడియం వేవ్ స్థితి ఇంకా అన్యాయం. వార్తలు చదివే గొంతు బావిలో నుంచి వస్తున్నట్టుండేది, రైలు మార్గపు కరెంటు తీగల పక్కన ఎప్పుడూ ఉండే గరగర ఇప్పుడు గొంతును పూర్తిగా మింగేసేది.

ఊళ్లో తెలియని లోపం ఊరి బయట ఎందుకు తెలుస్తుందన్నదానికి ఎఫ్‌ఎం స్వభావమే జవాబు. సంకేతం ఒక స్థాయికి పైన ఉన్నంతవరకు అది రెండింతలున్నా పదింతలున్నా చెవికి ఒకేలా వినిపిస్తుంది, ఆ స్థాయి కంటే కిందికి జారగానే గభాలున చెడిపోతుంది. నగరంలో సంకేతం పుష్కలంగా ఉంటుంది కాబట్టి ఫిల్మ్ అందులో కొంత కొట్టేసినా మిగిలినది సరిపోతుంది. కొత్తవలస దగ్గర మిగులు లేదు. అందుకే ఫిల్మ్ వేసిన షాపు ముందు రేడియో పెట్టి చూపించి "చూడండి, బ్రహ్మాండంగా వస్తోంది" అనడం ఏ విధంగానూ పరీక్ష కాదు. సంకేతం ఎక్కడ అంచు మీద ఉంటుందో అక్కడ చూడాలి. నగరంలోనే చూడాలంటే కొండ చాటు వెతకాలి. సింహాచలం కొండ వెనక అడవివరం దగ్గర నాకు తేడా స్పష్టంగా తెలిసింది.

ఇంత పలుచని పొర అంత పని ఎలా చేస్తుందన్నది నన్ను చాలా రోజులు వేధించింది. లోహపు ఫిల్మ్‌లో పూత మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. కాని రేడియో తరంగాన్ని ఆపడానికి మందం కన్నా ఆ పొర కరెంటును ఎంత తేలికగా ప్రవహింపనిస్తుందన్నది ముఖ్యం. తరంగం తాకగానే ఆ పొరలో కరెంటు పుడుతుంది, ఆ కరెంటు తరంగాన్ని చాలామటుకు వెనక్కి తిప్పికొడుతుంది. నా కారు విషయంలో దీనికన్నా పెద్ద చిక్కు మరొకటుంది. యాంటెన్నా గీతలను దాదాపు ఆనుకుని అద్దమంతా పరుచుకున్న ఆ లోహపు రేకు, గీతలన్నింటినీ ఒకదానితో ఒకటి, పక్కనున్న కారు శరీరంతోనూ ముడిపెట్టినట్టు చేస్తుంది. మూడు మీటర్ల పొడవు తరంగాన్ని పట్టడానికి లెక్కచూసి గీసిన గీతల కొలత అంతా తప్పిపోతుంది. మీడియం వేవ్ తరంగం పొడవు మూడు వందల మీటర్ల పైమాటే కాబట్టి ఆ గీతలు దాని ముందు చాలా పొట్టివి, అవి పట్టేది అసలే కొంచెం. ఆ కొంచెంలోనూ ఎక్కువ పాలు రేకు గుండా కారు శరీరంలోకి జారిపోతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది, నేనూ పొరబడ్డాను. నల్లగా ఉన్న ఫిల్మ్ రేడియోను ఆపుతుందని, పలచగా ఉన్నది ఆపదని అనుకుంటాం. కంటికి కనిపించే వెలుతురుకూ దీనికీ సంబంధం లేదు. రంగు మాత్రమే కలిపిన కారునలుపు ఫిల్మ్ రేడియోను ఏమీ చేయదు. 70 శాతం వెలుతురు రానిచ్చే దాదాపు తెల్లని ఫిల్మ్‌లో వెండి పొర ఉంటే అది రేడియోను ఆపేస్తుంది. లోహం ఉందో లేదో తేల్చుకుందామని మిగిలిన ముక్క మీద మల్టీమీటరు మొనలు ఆనిస్తే ఏమీ చూపలేదు, దాంతో లోహం లేదని నమ్మాను. లోహపు పొర రెండు పాలిస్టర్ పొరల మధ్య ఉంటుంది గనుక మీటరు మొన దాన్ని తాకదని తరువాత తెలిసింది. చివరికి చిన్న జేబు రేడియోకు ఆ ముక్కను చుట్టి చూస్తే విషయం నిమిషంలో తేలింది.

మా బావమరిది కూడా అదే షాపులో అదే ఫిల్మ్ వేయించాడు. "బావా, నాకేమీ తేడా లేదే" అంటాడు. అతనిది పైకప్పు మీద కడ్డీ యాంటెన్నా ఉన్న కారు. యాంటెన్నా అద్దాల బయట ఉన్నప్పుడు అద్దాలకు ఏమి అంటించినా దానికి పట్టదు. రెండు కార్లూ ఒకదాని వెనక ఒకటిగా కొత్తవలస దాకా పోనిస్తే అతని రేడియో పాడుతూనే ఉంది, నాది బుసకొట్టింది. కాని అతని కారు వెనక సీటులో కూర్చుని జేబు రేడియో పెడితే, అద్దాలు దించినప్పటికన్నా ఎత్తినప్పుడు శబ్దం స్పష్టంగా తగ్గింది. కాబట్టి లోపల కూర్చుని ఫోనులోనో చేతి రేడియోలోనో ఎఫ్‌ఎం వినేవారికి పక్క అద్దాల ఫిల్మ్ కూడా లెక్కలోకి వస్తుంది.

తప్పంతా ఫిల్మ్ మీదికి నెట్టడానికి మాత్రం వీల్లేదు. వెనక అద్దం ఫిల్మ్ తీయించాక బుస మొదలయ్యే చోటు కొత్తవలస నుంచి కొంత ముందుకు జరిగింది గాని, పాత చోటికి చేరలేదు. మీడియం వేవ్ ఇంకా నీరసంగానే ఉంది. అనుభవమున్న ఒక ఎలక్ట్రీషియన్ వెనక స్తంభం తొడుగు విప్పి చూస్తే యాంప్లిఫయర్ ప్లగ్గు సగం ఊడి, పిన్నుల మీద పచ్చని చిలుము పట్టి ఉంది. ఫిల్మ్ అంటించేటప్పుడు చల్లే సబ్బునీళ్లు అద్దం అంచు వెంట అందులోకి దిగాయి, తొడుగు కదిలించినప్పుడు ప్లగ్గు లాగుడుపడింది. దాన్ని శుభ్రం చేసి బిగించాక, మళ్లీ శృంగవరపుకోట దాటేదాకా పాట వినిపించింది. ఇరవై నెలలు నేను పడిన ఇబ్బందిలో ఫిల్మ్ పాలు ఎంత, నీళ్ల పాలు ఎంత అంటే, చెవి లెక్కన మూడింట రెండు వంతులు ఫిల్మ్‌దే అనిపిస్తుంది. ఫిల్మ్ వేయించాక రేడియో దెబ్బతిన్నవారు ఆ ప్లగ్గు చూడకుండా ఫిల్మ్ పీకించవద్దు.

ఎందుకంటే పీకడమే అన్నిటికన్నా ప్రమాదం. జిగురుతో పాటు వెండి గీతలు కూడా లేచి రావచ్చు. ఆవిరి పట్టి, మెల్లగా, అడ్డంగా, గీతల వెంటే లాగాలి. బ్లేడు తాకించనే కూడదు. నేను పక్కనే నిలబడి చూస్తున్నా, చివరి జానెడు దగ్గర కుర్రవాడు తొందరపడి ఒక గీత తెంపాడు.

సెరామిక్ ఫిల్మ్‌కు, వెనక అద్దానికొక్కదానికే, మొదట కారంతటికీ పెట్టిన ఖర్చులో సగం పైగా పెట్టవలసి వచ్చింది. కరెంటు ప్రవహించే అఖండ లోహపు పొర అందులో లేదని రాతపూర్వకంగా తీసుకుని, జేబు రేడియో పరీక్ష కూడా షాపులోనే చేసి మరీ వేయించాను. రెండేళ్లకు దగ్గరవుతోంది. ఖాళీ అద్దంతో తిరిగిన రెండు నెలలకూ ఇప్పటికీ ఎఫ్‌ఎంలోగాని, మీడియం వేవ్‌లోగాని తేడా వినబడలేదు. పక్క అద్దాల మీద లోహపు ఫిల్మ్ అలాగే ఉన్నా వెనక గీతల పనికి అది అడ్డు రాలేదు. ఎండను ఆపడంలో మాత్రం రెంటికీ తేడా చెప్పలేను, వెనక సీటులో కూర్చునే పిల్లలూ చెప్పలేకపోయారు.

ముందు అద్దం జోలికి నేను వెళ్లలేదు. వెళ్లాలనుకునేవారు రేడియోతో పాటు ఫాస్టాగ్‌ను కూడా గుర్తుంచుకోవాలి. అది 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే, సొంతంగా బ్యాటరీ లేని చీటీ. టోల్ గేటు యంత్రం పంపే తరంగంతోనే బతికి జవాబిస్తుంది. లోహపు ఫిల్మ్ వెనక దాన్ని అంటిస్తే నాతవలస దగ్గరో వేంపాడు దగ్గరో గేటు లేవక వెనక బండ్ల వాళ్ల చేత హారన్లు కొట్టించుకోవాలి. కొన్ని కార్లకు ముందు అద్దంలోనే కర్మాగారంలో వేడిని ఆపే లోహపు పూత ఉంటుంది. వాటికి డ్రైవరు వెనక బండ్లను చూసుకునే లోపలి అద్దం దగ్గర చుక్కలు చుక్కలుగా వదిలిన ఖాళీ ఇలాంటి చీటీల కోసమే.

తెగిన గీతను వెండి రంగు పూసి అతికించాం గాని, అది ఒక చోట మళ్లీ విడిపోయింది. రేడియోకు దానివల్ల లోటేమీ లేదు. శ్రావణంలో ముసురు పట్టిన ఉదయాలు డీఫాగర్ వేస్తే వెనక అద్దం అంతా తేటపడి, ఆ ఒక్క గీత వెంట మాత్రం బెత్తెడు ఆవిరి పట్టీ అలాగే నిలిచిపోతుంది.