మందు ముట్టనివాళ్ళూ లండన్ పబ్ వాక్‌కి వెళ్ళొచ్చు

తిరుపతిలో రిటైరై, లండన్‌లో కూతురి దగ్గరికి వెళ్ళినవాడికి గైడ్‌తో నడుస్తూ పాత పబ్బులు చూసే ఈ టూరేంటని మా ఆవిడ నవ్వింది. లైమ్ సోడాతోనే తిరిగాను, డబ్బు దండగ కాలేదు. బ్లూమ్స్‌బరీలోని ‘ద ల్యాంబ్’ అనే పబ్‌లో కౌంటర్ మీద తిప్పుకునే చిన్న గాజు తలుపులున్నాయి. విక్టోరియా రాణి కాలపు పెద్దమనుషులు పోసేవాళ్ళకి తమ ముఖం కనబడకుండా వాటిని మూసుకునేవారట. పరువు మీద అంత బెంగుంటే ఇంట్లోనే తాగొచ్చుగా! ఫ్లీట్ స్ట్రీట్‌లోని ‘చెషైర్ చీజ్’ పబ్‌ని 1666లో లండన్‌లో జరిగిన పెద్ద అగ్నిప్రమాదం తర్వాత, 1667లో తిరిగి కట్టారు. లోపల చీకటి, మెట్లు ఇరుకు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు జాగ్రత్త. అక్కడ బీరు కొలిచే పింట్ అంటే 568 మిల్లీలీటర్లు. మా అల్లుడు రెండోదానికే చాలన్నాడు. గైడ్ మరీ గబగబా మాట్లాడాడు, సగం అల్లుడే చెప్పాల్సొచ్చింది. శాకాహారినైన నాకు ఆరోజు చిప్సే దిక్కయ్యాయి. మీరైతే ఇంట్లో పెరుగన్నం తిని బయల్దేరండి.