రాస్ప్‌బెర్రీ పైకి సొంత కెర్నల్: డెఫ్‌కాన్ఫిగా, లోకల్‌మాడ్‌కాన్ఫిగా, టైనీకాన్ఫిగా?

విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక కోల్డ్ స్టోరేజ్ గోడకి మా పెట్టె ఒకటి వేలాడుతూ ఉంటుంది. లోపల రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దానికి ఒక యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్, వైరు అవతలి చివర గది ఉష్ణోగ్రత చెప్పే మీటరు. రొయ్యల గది మైనస్ 18 దాటి వేడెక్కితే ఓనరు ఫోన్‌కి మెసేజ్ పోవాలి. దాని పని అంతే. కిందటి వేసవిలో ఒక రాత్రి గది వేడెక్కింది, మెసేజ్ పోలేదు. తెల్లవారుజామున ఆపరేటర్ చూసుకున్నాడు కాబట్టి సరుకు దక్కింది, నా పరువు కొంత పోయింది.

వెళ్లి చూస్తే పెట్టె నిక్షేపంలా నడుస్తోంది. నెట్ ఉంది, ప్రోగ్రాం ఉంది, మీటరు మాత్రం లేదు. సముద్రపు గాలికి కన్వర్టర్ పిన్నులు తుప్పు పట్టాయి. ఇక్కడ అది మామూలే, బీచ్ రోడ్డు వైపు ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్ కూడా పచ్చబడుతుంది. ఆపరేటర్ ఊళ్లోకి పోయి కొత్త కన్వర్టర్ కొనుక్కొచ్చి తగిలించాడు. చేసింది సరైన పనే. కాకపోతే పాతదాంట్లో ఉన్నది సీపీ2102 చిప్, కొత్తదాంట్లో సీహెచ్340. రెండూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. డ్రైవర్లు, అంటే ఆ చిప్‌తో మాట్లాడే ప్రోగ్రాములు, వేరు. సీహెచ్340కి కావలసిన సీహెచ్341 అనే మాడ్యూల్ (కావలసినప్పుడు విడిగా లోడ్ అయ్యే డ్రైవర్ ముక్క) నా కెర్నల్‌లో, అంటే లైనక్స్‌కి గుండెలాంటి ప్రోగ్రాంలో, లేదు, ఎందుకంటే దాన్ని నేనే తీసేశాను. తీసేశానని నాకే తెలీదు.

కెర్నల్‌లో ఏది ఉండాలి, ఏది వద్దు అని రాసే జాబితాని కాన్ఫిగ్ అంటారు. ఆ తప్పు ఎలా జరిగిందో చెబితే దాన్ని తయారు చేసే ఈ మూడు పద్ధతుల్లో ఏది ఎవరికి మేలో సగం తేలిపోతుంది.

ముందు ఒక మాట. రాస్ప్‌బెర్రీ పై వాడే వాళ్లలో చాలామందికి సొంత కెర్నల్ అక్కర్లేదు, ఆప్ట్‌తో (సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే కమాండ్) వచ్చేది చాలు. మాకు ఎందుకంటే, కరెంటు పోయినప్పుడల్లా ఎస్‌డీ కార్డు పాడైపోకుండా రూట్ ఫైల్ సిస్టమ్‌ని (సిస్టమ్ ఫైళ్లన్నీ ఉండే చోటు) స్క్వాష్‌ఎఫ్‌ఎస్‌ అనే కుదించిన రూపంలో, రాయడానికి వీల్లేకుండా పెడతాం. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో ర్యామ్‌లోకి ఎక్కే తాత్కాలిక ఫైల్ సిస్టమ్) లేకుండా నేరుగా బూట్ అవ్వాలంటే ఆ డ్రైవర్ మాడ్యూల్‌గా కాదు, కెర్నల్ లోపలే కలిసిపోయి ఉండాలి. కాన్ఫిగ్ భాషలో ఎమ్ కాదు, వై. ఎమ్ అని వదిలేస్తే ఏమవుతుందో మొదటిసారి బిల్డ్ చేసిన ప్రతివాడూ చూసే ఉంటాడు: రూట్‌ని మౌంట్ చేయలేనని కెర్నల్ పానిక్ (ఇక ముందుకు పోలేనని ఆగిపోవడం), అన్‌నోన్ బ్లాక్ అని ఒక బ్రాకెట్, అందులో రెండు సంఖ్యలు. మాడ్యూల్ రూట్‌లో ఉంటుంది, రూట్ తెరవడానికి మాడ్యూల్ కావాలి. తాళంచెవి బీరువాలో పెట్టి తాళం వేసినట్టు.

ఇక పద్ధతులు.

మొదటిది, బోర్డు తయారు చేసినవాళ్లే ముందే నింపి ఇచ్చే కాన్ఫిగ్, డెఫ్‌కాన్ఫిగ్. పై 4కి రాస్ప్‌బెర్రీ పై వాళ్ల సోర్సులో బీసీఎం2711 డెఫ్‌కాన్ఫిగ్ ఉంటుంది, పై 5కి బీసీఎం2712. అసలు లైనక్స్ సోర్సులో అయితే ఆర్మ్ 64 బిట్ మొత్తానికీ ప్రధానంగా ఒకటే డెఫ్‌కాన్ఫిగ్. క్వాల్‌కామ్, రాక్‌చిప్, ఎన్‌వీడియా అందరూ అందులోనే సర్దుకుని ఉంటారు. అది వాడేవాళ్లు ముందు ప్లాట్‌ఫాం సెలక్షన్ మెనూలోకి వెళ్లి తమది కాని చిప్‌లన్నీ ఆపేస్తే సగం బరువు అక్కడే దిగుతుంది. అంతకంటే చవగ్గా వచ్చే లాభం ఇంకెక్కడా లేదు.

డెఫ్‌కాన్ఫిగ్ మీద ఉన్న ఫిర్యాదు ఒకటే, బరువు. మా మేనల్లుడు ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం, సెలవుల్లో నా దగ్గర పని నేర్చుకుంటున్నాడు. మెనూకాన్ఫిగ్ (కాన్ఫిగ్ మార్చుకునే మెనూ) తెరిచి చూసి, "మావయ్యా, మీటరు చదవడానికి టీవీ ట్యూనర్ డ్రైవర్లు ఎందుకు? సౌండ్ కార్డులు ఎందుకు? హ్యామ్ రేడియో ఎందుకు?" అన్నాడు. ప్రశ్న సబబే. నా పాత లాప్‌టాప్‌లో క్రాస్ కంపైల్ (ఒక రకం ప్రాసెసర్ మీద ఇంకో రకానికి బిల్డ్) చేస్తే డెఫ్‌కాన్ఫిగ్‌కి నలభై నిమిషాలు పట్టేది. టీ తాగి, మురీ మిక్స్చర్ తిని, తిరిగొచ్చినా ఇంకా మాడ్యూల్స్ లింక్ అవుతూనే ఉండేవి.

ఆ విసుగులోనే రెండో పద్ధతికి దిగాను. లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ స్టీవెన్ రోస్టెట్ రాసినది, 2009 నుంచి కెర్నల్‌తోనే వస్తోంది. అది చేసే పని తేలిక. ఎల్ఎస్‌మాడ్ కొడితే ఇప్పుడు లోడ్ అయి ఉన్న మాడ్యూల్స్ జాబితా వస్తుంది కదా, ఆ జాబితాలో లేనివన్నీ కాన్ఫిగ్‌లోంచి తీసేస్తుంది. వై అని ఉన్నవాటి జోలికి పోదు. వేరే మెషిన్‌లో బిల్డ్ చేసేటప్పుడు బోర్డు మీద తీసిన జాబితాని ఫైల్‌గా తెచ్చి ఎల్ఎస్‌మాడ్ అనే వేరియబుల్‌లో ఇవ్వొచ్చు. నలభై నిమిషాలు పన్నెండుకి దిగాయి. వేయికి పైగా ఉన్న మాడ్యూల్స్ వందలోపుకి వచ్చాయి. ఆ రోజు నాకు నేనే గొప్పగా కనిపించాను.

కానీ జాబితా తీసింది నా టేబుల్ మీద. ఆ రోజు టేబుల్ మీద ఏ కన్వర్టర్ తగిలించి ఉందో దాని డ్రైవర్ మిగిలింది, డ్రాయర్‌లో ఉన్నదాని డ్రైవర్ పోయింది. లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ ఎక్కడా అబద్ధం చెప్పలేదు. అది ఆ నిమిషానికి ఫోటో తీస్తుంది. ఫోటోలో లేనివాళ్లు ఇంట్లో లేరని మనమే అనుకుంటాం. రియల్ టైమ్ క్లాక్ సంగతీ అంతే. పై 4కి సొంత గడియారం లేదు, మేము డీఎస్3231 చిన్న బోర్డు పెడతాం. దాని డ్రైవర్ పేరు ఆర్‌టీసీ-డీఎస్1307. పేర్లు కలవవు కాబట్టి జాబితాలో కళ్లతో వెతికినా దొరకదు. జాబితా తీసే రోజున ఆ బోర్డు తగిలించి ఉండటం నా అదృష్టం. 4జీ డాంగిల్ అయితే మరీను. ఒక కంపెనీది ఆప్షన్ అనే డ్రైవర్ అడుగుతుంది, ఇంకోటి ఆర్‌ఎన్‌డీఐఎస్ అడుగుతుంది.

ఈ పద్ధతి పనికిరాదని కాదు. సొంత లాప్‌టాప్‌లో కెర్నల్ బగ్ వేటాడుతూ రోజుకి పదిసార్లు బిల్డ్ చేసేవాడికి ఇంతకంటే మంచిది లేదు. ఏది తగిలించినా తగిలించేది అతనే, పక్కనే ఉంటాడు. ఇప్పుడు ఎల్ఎంసీ_కీప్ అని ఒక వేరియబుల్ కూడా ఉంది. ఫలానా డైరెక్టరీల్లో ఉన్నవి ముట్టుకోకు అని చెప్పొచ్చు. యూఎస్‌బీ సీరియల్ డైరెక్టరీని అందులో రాసి ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది.

మూడోది టైనీకాన్ఫిగ్. మేనల్లుడి పార్టీ అది. అన్నీ నో అని మొదలుపెట్టి, సైజు తగ్గించే ఆప్షన్లు మాత్రం ఎస్ చేసి, అక్కడినుంచి కావలసినవి ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోవాలి. వాడు దాంతో నాలుగు రోజులు కూర్చున్నాడు. మొదటి రోజు స్క్రీన్ మీద ఏమీ లేదు. కెర్నల్ చచ్చిపోయిందో బతికుందో తెలీదు. ఎందుకంటే కెర్నల్ మెసేజ్‌లు చూపించే ప్రింట్‌కే అనే ఆప్షన్ కూడా ఆపేసి ఉంటుంది, అంటే నోరే లేదు. నోరు పెట్టాక సీరియల్ పోర్టు లేదు. అది పెట్టాక ఎస్‌డీ కార్డు లేదు. మూడో రోజు సాయంత్రం రూట్ మౌంట్ అయింది, కేక పెట్టాడు. వెంటనే ఇనిట్ (కెర్నల్ మొదట నడిపే ప్రోగ్రాం) ఫైల్ ఉంది గానీ నడపలేకపోయానని లైను వచ్చింది, చివర మైనస్ 8. ఫైల్ చెక్ చేశాడు, పర్మిషన్లు చెక్ చేశాడు, స్క్వాష్‌ఎఫ్‌ఎస్ మళ్లీ తయారు చేశాడు. చివరికి తేలిందేమిటంటే బిన్‌ఎఫ్‌ఎంటీ_ఈఎల్ఎఫ్ ఆపేసి ఉంది. లైనక్స్ ప్రోగ్రాములు మామూలుగా ఉండే ఫైల్ రూపమే ఈఎల్ఎఫ్, అది ఏమిటో ఆ కెర్నల్‌కి తెలీదు. ఇలాంటిది ఆపొచ్చన్న సంగతే నాకు ఇరవై ఏళ్లలో తట్టలేదు.

నాలుగు రోజుల్లో వాడు నేర్చుకున్నది నేను నాలుగేళ్లలో నేర్చుకోలేదు. నేర్చుకోవడానికి టైనీకాన్ఫిగ్‌ని మించింది లేదు. ఫ్లాష్ మెమరీ చాలా తక్కువగా ఉన్న బోర్డులకి కూడా అదే దారి. పై 4లో తక్కువలో తక్కువ 1 జీబీ ర్యామ్ ఉంటుంది, అక్కడ ఆ పొదుపుతో కొనుక్కునేది ఏమీ లేదు.

వాడికి నేను చెప్పింది ఇదే. లోడ్ కాని మాడ్యూల్ ర్యామ్ తినదు. కార్డు మీద కొంచెం చోటు తింటుంది, బిల్డ్‌లో నా టైమ్ తింటుంది. టీవీ ట్యూనర్ డ్రైవర్ ఆ పెట్టెలో పదేళ్లు పడి ఉన్నా మీటరు చదవడం ఒక్క క్షణం కూడా ఆలస్యం కాదు. వాడు ఊరుకోలేదు. "మరి ఎవడో వచ్చి ఏదో యూఎస్‌బీ తగిలిస్తే ఆ డ్రైవర్లన్నీ వాటంతట అవే లోడ్ అవుతాయి కదా మావయ్యా, అందులో ఏ బొక్క ఉందో ఎవడికి తెలుసు?" ఆ మాట నిజం. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, సగం జవాబు ఉంది.

ఆ సగం జవాబే ఇప్పుడు మేము చేసే పద్ధతి. బోర్డు డెఫ్‌కాన్ఫిగ్‌తోనే మొదలుపెడతాం. దాని పక్కన మాది ఒక చిన్న ముక్క ఫైల్, పాతిక లైన్లు కూడా ఉండవు. స్క్వాష్‌ఎఫ్‌ఎస్ వై. దాని జెడ్‌స్టాండర్డ్ కంప్రెషన్ కూడా వై. ఇది విడిగా అడగాలి, లేకపోతే ఫైల్ సిస్టమ్ డ్రైవర్ ఉన్నా ఈ కంప్రెషన్ నాకు రాదంటుంది. సీరియల్ కన్వర్టర్లు నాలుగూ, అంటే సీపీ210ఎక్స్, సీహెచ్341, ఎఫ్‌టీడీఐ, పీఎల్2303, ఎమ్. సౌండ్, టీవీ ట్యూనర్లు, హ్యామ్ రేడియో, జాయ్‌స్టిక్‌లు మెనూలకి మెనూలే నో. కావలసినవి పేరు పెట్టి ఉంచుతాం, అక్కర్లేనివి గుంపులుగా తీసేస్తాం. బిల్డ్ టైమ్ పాతిక నిమిషాలకి వచ్చింది. పన్నెండు కాదు, సరే.

ఈ ముక్కని డెఫ్‌కాన్ఫిగ్‌తో కలపడానికి కెర్నల్ సోర్సులోనే మెర్జ్_కాన్ఫిగ్ అనే స్క్రిప్ట్ ఉంది. దాన్ని వాడటానికి కారణం సౌకర్యం కాదు. నువ్వు ఫలానాది వై అడిగావు, చివరి కాన్ఫిగ్‌లో అది లేదు అని మొహం మీద చెబుతుంది. చేత్తో ఎడిట్ చేస్తే ఆ మాట చెప్పేవాడు ఉండడు. ఒక ఆప్షన్ ఇంకోదాని మీద ఆధారపడి ఉంటే, ఆ ఇంకోటి లేకపోతే, మీరు రాసిన లైను చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది.

చడీచప్పుడు లేకుండా అంటే గుర్తొచ్చింది. క్రాస్ కంపైల్ చేసేవాళ్లు ఆర్చ్=ఆర్మ్64 అని ప్రతి మేక్ కమాండ్‌కీ ఇవ్వాలి. ఒక్క మెనూకాన్ఫిగ్‌కి మర్చిపోయి సేవ్ చేస్తే కాన్ఫిగ్ మొత్తం ఇంటెల్ మెషిన్‌కి మారిపోతుంది. మెనూలో ప్రాసెసర్ టైప్ అండ్ ఫీచర్స్ అనే లైను కనిపించిందంటే మీరున్నది ఆర్మ్‌లో కాదు, సేవ్ చేయకుండా బయటికి రండి. షెల్‌లో ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

ప్రాసెసర్‌కి సంబంధించిన ఆప్షన్లలో నేను చేయి పెట్టేవి తక్కువ. ఎర్రాటా వర్క్‌అరౌండ్స్ అని పెద్ద జాబితా ఉంటుంది, ఆ కోర్‌లలో ఉన్న లోపాలకి మందులు. మన కోర్ కార్టెక్స్ ఏ72 కదా, మిగతావి తీసేద్దామని ఎవరికైనా చేయి దురద పెడుతుంది. వద్దు. బూట్ అయ్యేటప్పుడు ఏ కోర్ ఉందో చూసుకుని దానికి కావలసినవే కెర్నల్ అతికించుకుంటుంది. పేజీ సైజు (కెర్నల్ మెమరీని పంచే ముక్క సైజు) మాత్రం గమనించాలి. పై 5 సొంత కెర్నల్ 16 కేబీ పేజీలతో వస్తుంది. పై 4లోని ఏ72కి 16 కేబీ రాదు, 4 లేదా 64 మాత్రమే. అందుకే పై 5 కెర్నల్ తెచ్చి పై 4లో పెడితే బూట్ అవ్వదు. తిరగేసి 4 కేబీ కెర్నల్‌ని పై 5లో పెడితే నడుస్తుంది. రెండు రకాల పెట్టెలకీ ఒకటే కెర్నల్ కావాలనుకునేవాళ్లు, 4 కేబీ పేజీలు లెక్కేసుకుని బిల్డ్ అయిన పాత బైనరీలు వాడేవాళ్లు 4 దగ్గరే ఆగడం మంచిది. రియల్ టైమ్ ప్రీఎంప్షన్ (అర్జెంటు పనికి వెంటనే దారివ్వడం) 6.12 వెర్షన్ నుంచి అసలు కెర్నల్‌లోనే ఉంది. మోటారు తిప్పేవాళ్లకి అది వరం, నిమిషానికోసారి మీటరు చదివే పెట్టెకి దాంతో పని లేదు.

ఇమేజ్‌కి, అంటే బిల్డ్ అయి వచ్చిన కెర్నల్ ఫైల్‌కి, మాత్రం సొంత పేరు పెట్టండి. కెర్నల్8 అనే పేరుతోనే ఉంచితే తర్వాతి ఆప్ట్ అప్‌గ్రేడ్ దాని మీద తన కెర్నల్ రాసేస్తుంది.

ఆ రాత్రి సంగతి ఇంకా ఒకటి ఉంది. సీహెచ్341 ఒక్క మాడ్యూల్ బిల్డ్ చేసి పెట్టెలోకి కాపీ చేద్దామంటే అదే కాన్ఫిగ్, అదే వెర్షన్ కావాలి. నా లాప్‌టాప్‌లో అప్పటికే మేక్ ఎంఆర్‌ప్రాపర్ (సోర్సుని శుభ్రం చేసే కమాండ్) కొట్టి ఉన్నాను, అది కాన్ఫిగ్‌ని కూడా తుడిచేస్తుంది. బ్యాకప్ లేదు. పెట్టెలోకి లాగిన్ అయి కాన్ఫిగ్స్ అనే మాడ్యూల్ లోడ్ చేస్తే, ప్రాక్ డైరెక్టరీలో ఆ కెర్నల్ తన కాన్ఫిగ్ తానే దాచుకుని కనిపించింది. లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ ఎన్ని తీసేసినా ఆ ఒక్కదాన్నీ కావాలనే వదిలిపెడుతుందని స్క్రిప్ట్ తెరిచి చదివాక తెలిసింది. ముక్క ఫైల్ మాత్రం ఇప్పుడు గిట్‌లో (పాత వెర్షన్లు కూడా దాచి ఉంచే చోటు) ఉంది.

మొన్న హార్బర్ వైపు వెళ్లినప్పుడు ఆ పెట్టె మూత తీశాను. కన్వర్టర్ మళ్లీ మారింది, ఈసారి పీఎల్2303. మీటరు రీడింగ్‌లు ఎక్కడా ఆగలేదు. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అని అడిగితే అక్కడ ఎవరికీ గుర్తు లేదు.